పాతనగర చరిత్రము: గగనచారుల నామావళి

కడచిన ప్రకరణమున 1908 సెప్టెంబరు నాటి మూసీ వరదను, ఆ వరద వెనుక నగర స్వరూపము మారిన తీరును విన్నవించితిని. ఇప్పుడు దృష్టిని నీటినుండి నింగికి మరల్చుచున్నాను. చార్మినారు నీడలో పెరిగిన ఊరికి ఆకాశముతో బాంధవ్యమేమని కొందరు పాఠకులకు సందేహము కలుగవచ్చును. సంక్రాంతి దినములలో ఒకమారు మొగల్‌పురా మేడలమీదికో, శాలిబండ మిద్దెలమీదికో ఎక్కి చూచినవారికి ఆ సందేహముండదు. గాజుపొడి పూసిన మాంజా తమ చేతులనే కోయకుండునట్లు వ్రేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకొని, చరఖ్ పట్టిన తమ్మునికి కనుసైగతోనే ఆజ్ఞలిచ్చుచు, గాలి ఏ వైపునకు తిరుగునో రెప్పవేయక కనిపెట్టి, ఎదుటివాని పతంగిని తెగగోసినంతనే దిక్కులు పిక్కటిల్ల కేకలు వేయు బాలురు అచ్చట తరతరములుగా నున్నారు. గాలిని చదువుట పాతనగరపు బిడ్డలకు ఉగ్గుపాలతో అబ్బిన విద్య. ఆ విద్య మేడమీదినుండి మేఘమండలమునకు ఎప్పుడు, ఎవరివలన, ఎంత వెలకు ఎక్కినదో తెలిసికొనుటయే ఈ ప్రకరణమునకు విషయము.

అమెరికా దేశమున ఒహాయో రాష్ట్రములోని డేటన్ పట్టణము రైటు సోదరుల ఊరు. 1903 డిసెంబరు 17వ తేదీన కిట్టీ హాక్ ఇసుకనేలపై 12 సెకండ్లపాటు గాలిలో నిలిచిన యంత్రము ఆ పట్టణపు సైకిళ్ల దుకాణములోనే రూపు దిద్దుకొన్నది. 1962లో అచ్చట జాతీయ వైమానిక కీర్తిమందిర మొకటి నెలకొల్పి, తొలుదొలుత ఆ సోదరుల పేరులనే అందు చేర్చిరి. పిమ్మట ఆ దేశపు రాష్ట్రములు పెక్కు తమ ప్రాంతములకు వేరుగా ఇట్టి మందిరములు కట్టుకొన్నవి. జాతీయ మందిరమున చోటు దొరకని వైమానికునకు, పైరులపై మందు చల్లినవానికి, పల్లెటూరి మైదానమున పదిమందికి విమానవిద్య నేర్పిన గురువునకు, నూనెమరకల చొక్కాతో ఇంజనులు విప్పి బిగించిన మిస్త్రీకి ప్రాంతీయ మందిరమున చోటు దొరకినది. ఈ పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. ఏలయన, ఒక ఊరి చరిత్రము ఆ ఊరివారు గుర్తుంచుకొన్నంతవరకే చరిత్రము.

మన నగరమున ఆకాశయానముతో ముడిపడిన పేరులు ఒక్కచోట లేవు. కొన్ని సీమదేశపు సైనిక చిహ్నములపై, కొన్ని కళాశాలల హాజరుపట్టీలలో, కొన్ని లుప్తమైన కంపెనీల దస్త్రములలో చెదరియున్నవి. వానిని ఏరి తెచ్చి, మనమును అట్టి మందిరమొకటి కట్టుకొన్నచో ఎవరి పేరు దాని గోడ కెక్కదగినదో, ఎవరిది తగదో నిదానముగా విచారింతము.

ఎదుట మొట్టమొదట నిలుచునది దాత పేరు. పురానీ హవేలీలో 1886లో జన్మించి 1911లో హైదరాబాదు నిజాముగా గద్దె నెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్, మొదటి ప్రపంచ సంగ్రామపు కడపటి సంవత్సరమున, బ్రిటిషు వైమానిక దళములోని 110వ స్క్వాడ్రనుకు విమానములను కానుకగా సమకూర్చెను. అవి డీ.హెచ్.9ఏ అను జంటరెక్కల బాంబరులు; కొయ్యచట్రముపై గుడ్డ బిగించి, గుడ్డపై గట్టిపడు లేపనము పూసి, ముక్కున 400 అశ్వముల శక్తిగల లిబర్టీ ఇంజను నమర్చినవి; ముందు నడుపువాడొకడు, వెనుక మరతుపాకి పట్టువాడొకడు. ప్రతి విమానము ప్రక్కను అది హైదరాబాదు నిజాముగారి కానుక యని అక్షరములు చిత్రించిరి. 1918 సెప్టెంబరులో ఆ దళము ఫ్రాన్సుకు తరలి, అచ్చటినుండి జర్మనీ పట్టణములపై పట్టపగలే దాడులు సలిపి, నవంబరులో యుద్ధము ముగియులోపలనే పెక్కు విమానములను, వానితోపాటు పెక్కుమంది యువకులను పోగొట్టుకొన్నది. హైదరాబాదును కన్నులార చూడని ఆ యువకులు హైదరాబాదు పేరు ప్రక్కన పెట్టుకొని ప్రాణములు విడిచిరి. యుద్ధానంతరము హాండ్లీ పేజ్ కంపెనీవారు కొయ్యతో నిర్మించిన పెద్ద బాంబరునకు సైతము ‘హైదరాబాదు’ అను పేరే పెట్టగా, అది 1925లో బ్రిటిషు దళమున చేరెను.

రెండవ సంగ్రామమున ఈ బంధము మరింత బిగిసెను. 1939లో పునరుద్ధరింపబడిన 152వ స్క్వాడ్రను హైదరాబాదు స్క్వాడ్రను అనియు, 253వది హైదరాబాదు సంస్థాన స్క్వాడ్రను అనియు పేరొందినవి. మొదటిది స్పిట్‌ఫైరులతో, రెండవది హరికేనులతో 1940 నాటి బ్రిటను గగనయుద్ధమున పోరాడినవి. 152వ స్క్వాడ్రను చిహ్నమును నేనెప్పుడు చూచినను ఒక్క క్షణమాగి మరల చూతును. కిరీటము క్రింది వలయములో గరుడపక్షి లేదు, సింహము లేదు. నిజాముగారి దస్తారు ఉన్నది. చౌమహల్లా దర్బారు చిత్రములలో కానవచ్చు ఆ తలపాగాయే అది. మడతమీద మడతగా ముందే చుట్టి సిద్ధపరచి, దర్బారునకు పోవువేళ టోపీవలె తలపై నుంచుకొనదగినది. చౌమహల్లా గుమ్మములలో వంగి చేయు సలాములందుకొన్న ఆ దస్తారు ఇంగ్లీషు కాలువపైని మేఘములలోనికి పోయినది. దానిక్రింది వాక్యము, బ్రిటిషువారు నిజామునకు ప్రసాదించిన బిరుదమే: విశ్వాసపాత్రుడగు మిత్రుడని. ఆ స్క్వాడ్రను ఇంగ్లండు దక్షిణ తీరమున పోర్ట్‌లండు నౌకాస్థావరమును కాపాడి, తరువాత బర్మా రంగమునకు వచ్చి, 1944లో ఇంఫాలు పరిసరములలో జపాను విమానములతో తలపడెను.

మరి దాత పేరు గోడ కెక్కవలెనా? ఎక్కవలెనని నా అభిప్రాయము. కాని ఒంటరిగా కాదు. ఆ విమానముల మూల్యము ఆకాశమునుండి ఊడిపడలేదు. మెదకు, నల్లగొండ, ఓరుగల్లు పల్లెలలో మాలుగుజారీ కట్టిన రైతు చెమట, నిజాము సొంత ఆస్తియగు సర్ఫెఖాస్ గ్రామముల రాబడి, నగరపు బజారులలోని సుంకములు, ఇవియే రెక్కలై ఎగిరినవి. విమానము ప్రక్కను చిత్రించిన అక్షరములలో ఆ రైతునకు చోటు లేకపోయెను. మనము కట్టుకొను గోడమీదనైన దాత పేరుక్రింద పన్ను కట్టినవారిని ఒక్క వాక్యమునందైనను స్మరింపకున్న, సీమవారు చేసిన పొరపాటునే మనమును చేసినవారమగుదుము.

ఇక దానముల కథ విడిచి రాకపోకల కథకు వత్తము. 1932 అక్టోబరు 15వ తేదీన జే.ఆర్.డీ. టాటా కరాచీనుండి పస్ మాత్ అను చిన్న విమానమున తపాలా సంచులతో బయలుదేరి, అహ్మదాబాదు మీదుగా బొంబాయి చేరెను. అచ్చటినుండి నెవిల్ విన్సెంటు ఆ తపాలాను బళ్లారి మీదుగా మద్రాసునకు కొనిపోయెను. ఆ దశాబ్దమునందే హైదరాబాదు వైమానిక క్లబ్బుతోపాటు బేగంపేట మైదానము విమానములకు నెలవయ్యెను. చార్మినారునుండి బేగంపేటకు దూరము కొన్ని మైళ్లే యైనను, పాతనగరవాసికి అది వేరొక లోకము. మూసీ దాటి, అబీడ్సు దాటి, హుస్సేనుసాగరపు గట్టు దాటి పోవలెను. పతంగి తెగిన వెంటనే దానివెంట పరుగెత్తు బాలునకు బేగంపేట ఇనుపకంచె చాల యెత్తుగా కనబడియుండును.

1945లో నిజాము ప్రభుత్వము టాటా వారిని భాగస్వాములుగా చేర్చుకొని, అధికభాగము తానే వహించి, దక్కన్ ఎయిర్‌వేస్ అను కంపెనీని స్థాపించెను. 1946లో రాకపోకలు మొదలయ్యెను. యుద్ధము ముగియుటతో అమ్మకమునకు వచ్చిన డకోటా విమానములే నాటి ఇట్టి కంపెనీల కన్నిటికిని పెట్టుబడి. మద్రాసు, బెంగుళూరు, నాగపూరు, ఢిల్లీ నగరములకు హైదరాబాదు వ్యాపారులు, వకీళ్లు, సంస్థాన ఉద్యోగులు ఆ విమానములలో రాకపోకలు సాగించిరి.

డకోటాను ఎరుగని నేటి పాఠకునకు దానిని గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. దాని చిన్నచక్రము ముక్కుక్రింద గాక తోకక్రింద నుండును. అందుచేత నేలపై నిలిచినప్పుడు విమానము ముక్కు నింగివైపు ఎత్తి యుండును. తోకవైపు ద్వారమున లోపలికి అడుగిడిన ప్రయాణికుడు తన ఆసనము చేరుటకు నడిమి దారివెంట ఎగువకు ఎక్కవలసినదే. ముందువరుసవారికి ఆ చిన్న ఎక్కుడు మరి కొంచెము పొడవు. పరుగుబాటపై వేగము పుంజుకొన్న తరువాత తోక లేచును; అప్పుడు గాని నేల చదునగును. ఇంజనుల సంగతి ఇంకను విచిత్రము. చక్రాకారమున పేర్చిన సిలిండరులలో అడుగున నున్న వానిలోనికి రాత్రివేళ నూనె దిగి చేరును. ఆ నూనెను తొలగింపక ఇంజనును తిప్పినచో కడ్డీలు వంగిపోవును. కావున తెల్లవారకముందే మైదానము చేరిన పనివారు ప్రొపెల్లరు రెక్కను భుజముతో నెట్టి, ఒక్కొక్క రెక్కనే లెక్కించుచు, బిగువు తగులునేమో అరచేతికి తెలియునట్లు మెల్లగా త్రిప్పుదురు. ఏదేని రెక్క మొరాయించినచో బలము చూపరాదు. అడుగు సిలిండరు ప్లగ్గు విప్పి నూనె కార్చివేయవలెను. ఈ సూక్ష్మము తెలిసిన చేతులపైననే ఇరువదికి పైబడిన ప్రాణములు ఆధారపడియుండెను. పైలట్ల పేరులు పత్రికలలో పడినవి. రెక్క త్రిప్పిన వారి పేరులు జీతపు పట్టీలను దాటి రాలేదు. నా నామావళిలో వారి వరుస దాత వరుసకన్న పైన నుండును.

ఈ దక్కన్ ఎయిర్‌వేస్ చరిత్రమున మరువరాని పేరు ప్రేమ్ మాథుర్. మన దేశమున స్త్రీలు అంతకుముందును విమానము నడపిరి. 1936లోనే సరళా ఠక్రాల్ చీర ధరించి జిప్సీ మాత్ విమానమున ఒంటిగా ఎగిరెను. కాని అభ్యాసమునకు ఎగురుట వేరు, అదే జీవికగా నెంచి టిక్కెట్టు కొన్న జనమును గమ్యము చేర్చుట వేరు. 1947లో వాణిజ్య లైసెన్సు సంపాదించిన మాథుర్ కంపెనీ వెంట కంపెనీకి దరఖాస్తులు పెట్టుకొనగా, స్త్రీ నడుపు విమానమున కూర్చుండుటకు ప్రయాణికులు జంకుదురన్న భయముచేత వారందరు త్రోసిపుచ్చిరి. బేగంపేటలోని దక్కన్ ఎయిర్‌వేస్ మాత్రము ఆమెను సహ పైలటుగా చేర్చుకొన్నది. ఇట్లు భారతదేశమున మొదటి మహిళా వాణిజ్య పైలటు మన ఊరి కంపెనీలో కొలువు చేసెను. 1949లో జాతీయ విమానపందెమున పురుషులతో పోటీపడి ఆమె గెలుపొందెను. అయినను విమానమునకు పూర్తి అధిపతిగా నుండు అవకాశము ఇచ్చట చిక్కకపోవుటచే ఆమె దక్కన్ ఎయిర్‌వేసును విడిచి, ఢిల్లీలో ఘనశ్యామ్ దాస్ బిర్లా సొంత విమానమును నడపుటకు పోయి, తరువాత ఇండియన్ ఎయిర్‌లైన్సులో చేరెను. తలుపు తెరచిన ఖ్యాతి మన నగరమునకు దక్కినది. కుడిచేతి ఆసనమునుండి ఎడమచేతి ఆసనమునకు జరుగనీయని వెలితియు మన నగరమునదే. రెండును వ్రాసికొనవలసినవే.

1948 వేసవిలో సంస్థానముపై భారత ప్రభుత్వపు దిగ్బంధము బిగిసిన కాలమున మరియొక వైమానికుడు మన ఆకాశమున ప్రవేశించెను. ఆయన ఆస్ట్రేలియా దేశీయుడు సిడ్నీ కాటన్. మొదటి యుద్ధమున వైమానికులకు చలి సోకకుండ సిడ్‌కాట్ అను దుస్తును కనిపెట్టినవాడు. రెండవ యుద్ధమునకు ముందు 1939లో వర్తకుని వేషమున జర్మనీపై ఎగురుచు రహస్యముగా ఛాయాచిత్రములు తీసి, విమానములనుండి శత్రుదేశమును చిత్రించు విద్యకు బ్రిటనులో పునాది వేసినవాడు. అట్టి ప్రజ్ఞావంతుడు కరాచీనుండి పెద్ద విమానములలో ఆయుధములు నింపుకొని, రాత్రివేళ భారత భూభాగముపై దాటి, బీదరు, ఓరుగల్లు మైదానములలో దించుచుండెను. సెప్టెంబరు 13న సైనిక చర్య ఆరంభమై 17వ తేదీకి సంస్థానము లొంగిపోవుటతో ఆ యాత్రలు ఆగినవి. తరువాత లండనులో న్యాయస్థానము ఆయనకు జరిమానా విధించెను.

ప్రజ్ఞయే కొలత యైనచో కాటన్ పేరు గోడపై నుండవలెను. నేను ఉంచను. పల్లెలలో నిజాము పక్షపు సాయుధులగు రజాకారుల దౌర్జన్యమునకు జనము అల్లాడుచున్నప్పుడు, ప్రజాభిప్రాయమునకు తల యొగ్గని ప్రభుత్వమును నిలుపుటకు ద్రవ్యము పుచ్చుకొని తుపాకులు మోసినవాడతడు. ఆ తుపాకుల భరోసాతో నెలల తరబడి సాగిన మొండితనమునకు మూల్యము చెల్లించినది ముందు తెలంగాణపు పల్లెలు, తరువాత సెప్టెంబరు అల్లకల్లోలములో మరట్వాడా, కర్ణాటక జిల్లాలలో ప్రాణములు పోగొట్టుకొన్న నిరపరాధులగు మహమ్మదీయ కుటుంబములు. చరిత్రలో ఆయన కథ చెప్పవలసినదే, సత్కారము వేరు.

ఆ కాలముననే, విశ్వాసమను మాటకు వేరొక అర్థమును జీవితముచే చూపినవాడు ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923 జూను 9వ తేదీన హైదరాబాదున జన్మించి, నిజాము కళాశాలలో చదివి, పందొమ్మిదేండ్లయిన నిండకమునుపే 1942 జనవరిలో వైమానిక దళమున అధికారి యయ్యెను. మొదట కరాచీ తీరమున పాతబడిన జంటరెక్కల విమానములతో సముద్రముపై జలాంతర్గాముల జాడలు వెదకి, పిదప ఇంగ్లండు పోయి స్పిట్‌ఫైరు, హరికేను విమానములలో శిక్షణ పొంది, తిరిగివచ్చి బర్మా యుద్ధమున పాల్గొనెను. నిజాముగారి దస్తారు ముద్రతో 152వ స్క్వాడ్రను ఆంగ్ల యువకులు ఎగిరిన ఆ బర్మా రంగమునకే, ఏ దానపు ముద్రయు లేకుండ, మన ఊరి కుర్రవాడు భారతీయ దళముతో వెళ్లెను. నా మట్టుకు నేను హైదరాబాదు ఆకాశచరిత్ర అసలు ఆ కుర్రవానితోనే మొదలైనదని తలంతును.

1947లో దేశముతోపాటు వైమానిక దళమును చీలెను. సహచరులు పలువురు పాకిస్తానునకు పోయిరి. అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ మొదలగు వారు అచ్చట దళాధిపతులైరి. లతీఫునకును ఆ దారి తెరచియే యుండెను. ఆయన పోలేదు. పుట్టిన సంస్థానము ఏ వైపు మొగ్గునో ఇంకను తేలని దినములలో ఆయన తన నిశ్చయమును తేల్చుకొనెను. 1978 సెప్టెంబరు 1వ తేదీన భారత వైమానిక దళాధిపతి యై, ఆ పదవి నధిష్ఠించిన మొదటి మహమ్మదీయుడుగా, మూడు సంవత్సరములు దళమును నడపెను. జాగ్వారు విమానములు దళమున చేరినది ఆ కాలముననే. పదవీ విరమణానంతరము మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా పనిచేసి, 2018 ఏప్రిల్ 30న స్వస్థలమగు హైదరాబాదుననే కన్నుమూసెను.

నిజాము కళాశాల హాజరుపట్టీలో మరికొన్ని సంవత్సరములు క్రిందికి పోయినచో రాకేశ్ శర్మ పేరు కానవచ్చును. పటియాలాలో పుట్టినను, సెంట్ జార్జి గ్రామర్ స్కూలు విద్యార్థిగా, పిదప నిజాము కళాశాల విద్యార్థిగా ఈ నగరమున పెరిగి, 1971 యుద్ధమున మిగ్ విమానములు నడపి, 1984 ఏప్రిలులో సోవియట్ నౌకయగు సోయుజ్ టీ-11లో రోదసి కెగసి, సల్యూట్-7 కేంద్రమున దాదాపు ఎనిమిది దినములు గడపెను. బషీర్‌బాగులోని ఒకే కళాశాల ఒక దళాధిపతిని, మొదటి భారతీయ వ్యోమగామిని తీర్చినది; దాని గేటుకడ ఈ సంగతి తెలుపు చిన్న పలకయైన ఉండదగును.

దక్కన్ ఎయిర్‌వేస్ 1953 ఆగస్టులో మరి యేడు కంపెనీలతోపాటు ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమైపోయెను. నగరపు ఉత్తరాన దుండిగల్లులో వైమానిక అకాడమీకి 1967లో పునాదిరాయి వేసిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ 1897లో ఈ హైదరాబాదుననే జన్మించినవాడు. 2016 జూనులో ముగ్గురు మహిళలు మొదటిసారిగా యుద్ధవిమాన పైలట్లుగా ఆ అకాడమీనుండి వెలువడిరి. 2008లో పౌరవిమానములు బేగంపేటను విడిచి శంషాబాదునకు తరలుటతో, చిత్రముగా, విమానాశ్రయము మొదటిసారి పాతనగరపు వైపునకు జరిగినది. నేడు ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట మిద్దెలపైనుండి విమానములు దిగుటయు లేచుటయు కంటికి ఎదురుగనే కనబడును.

ఈ నామావళిలో కడపట నేను చేర్చునది సయ్యదా సల్వా ఫాతిమా పేరు. మొగల్‌పురాలో బేకరీ పనివాని కుమార్తె. భట్టీలో రొట్టెలు కాల్చు తండ్రి జీతముతో విమానవిద్య కలలోనిమాట. ఆమె పట్టుదల విని సియాసత్ దినపత్రిక సంపాదకులు జాహిద్ అలీ ఖాన్ చేయూతనీయగా ఆమె పౌరవిమాన శిక్షణపు అకాడమీలో చేరెను. ఆపై జంట ఇంజనుల విమానములపై శిక్షణకు కావలసిన పెద్ద మొత్తమునకు తెలంగాణ ప్రభుత్వము తోడ్పడెను. ప్రేమ్ మాథుర్ కాలమున కంపెనీలు వేసిన ప్రశ్న ఆమెను గూర్చియు కొందరు వేసిరి. సమాధానముగా ఆమె లైసెన్సు తెచ్చుకొని, ప్రయాణికుల విమానములు నడపు కొలువున చేరెను. 1918లో పన్ను కట్టినవాని సొమ్ముతో పరదేశపు యువకులు ఎగిరిరి. ఈ మారు ప్రజల సొమ్ముతో ఎగిరినది చార్మినారు వాడలోని రొట్టెలవాని బిడ్డ.

రాబోవు ప్రకరణమున చాంద్రాయణగుట్ట ప్రక్కనున్న కాంచన్‌బాగునకు పోయి, 1960లనుండి అచ్చట వెలసిన క్షిపణి ప్రయోగశాలల కథను విచారింతము.